ఉలిక్కిపడని గేదె

ఆవిడ పోయిన సంగతి మా ల్యాబులో ఎవరికీ తెలియదు. పదకొండో రోజు కూడా అయిపోయాక, వాళ్ళ తమ్ముడు సర్వీసు కాగితాల కోసం రాజమండ్రి వస్తే తెలిసింది. ఎండకి కమిలి నల్లబడిన మనిషి. వేళ్ళ మీద వల తాళ్ళు కోసిన పాత గాట్లున్నాయి. గుమాస్తా ఫైలు వెతుకుతుంటే వచ్చి నా టేబుల్ ఎదురుగా కూర్చున్నాడు. గోడ మీది పశువుల చార్టును కాసేపు చూసి అడిగాడు.

"మా అక్క ఇక్కడ ఏం పని చేసేదండి?"

"పశువుల డాక్టరుగారు కదండీ."

"అది తెలుసండి. గేదెలకి మందులేసేదని మాకూ తెలుసు. అంతేనా అని అడుగుతున్నాను."

"అంతే కాదండి" అన్నాను. మిగతాది ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుండగానే గుమాస్తా పిలిచాడు. ఆయన సంతకాలు పెట్టి, కాగితాలు పాలిథిన్ సంచిలో చుట్టుకుని, బస్సుకి టైమైందని వెళ్ళిపోయాడు. ఆయనకి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

నేను టెక్నీషియన్‌గా చేరిన మొదటి వారమే ఆవిడ నన్ను హడలగొట్టారు. కడియం దగ్గర ఒక నర్సరీ వెనకాల పాకలో నాలుగు గేదెలున్నాయి. ఈగలు ముసురుతున్నాయి, ఉక్కపోస్తోంది. వాన జాడే లేదు. ఆవిడ మాత్రం నల్ల గొడుగు పట్టుకుని నెమ్మదిగా మొదటి గేదె ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు. ఉన్నట్టుండి ఫట్‌మని గొడుగు తెరిచారు. గేదె తల ఎగరేసి వెనక్కి గుంజుకుంది, పలుపు బిగిసింది. నేనూ ఎగిరి వెనక్కి గెంతి పేడలో కాలేశాను.

ఆవిడ గేదెనీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఇద్దరూ బాగున్నారు" అని నోటుబుక్కులో ఏదో రాసుకున్నారు.

మూడో గేదె దగ్గర గొడుగు అదే చప్పుడుతో తెరుచుకుంది. అది కదల్లేదు. చెవి కూడా తిప్పలేదు. గొడుగు లేనట్టే, మేం లేనట్టే చూస్తూ నిలబడింది.

"మాది శానా నెమ్మదండి. సంటిపిల్లలు కూడా పాలు పితికేయొచ్చు" అన్నాడు పాక యజమాని గర్వంగా.

ఆవిడ గొడుగు మూశారు. "ఎప్పట్నించి ఇంత నెమ్మదండీ?"

"అంటే... ముందు కాస్త పొగరుగానే ఉండేదండి. వానలు మొదలైన కాడ్నించి ఇలా బుద్ధిగా ఉంటోంది."

ఆవిడ ఆ గేదె మెడ మీద చెయ్యి వేసి, "కొంచెం ఓర్చుకోండి, ఒక్క చుక్క" అని దాని చెవి నుంచి రక్తం తీశారు. గేదెల్ని ఆవిడ ఎప్పుడూ మీరు అనే అనేవారు. "జరగండి", "కాలు తియ్యండి", "అయిపోయిందండి". కొత్తవాళ్ళు నవ్వేవారు. ఆవిడ నవ్వించడానికి అనేవారు కాదు. ముట్టుకున్న తర్వాత చేతులు కడుక్కునేవాళ్ళని చాలామందిని చూశాను. ముట్టుకోబోయే ముందు కూడా కడుక్కునే మనిషిని ఆవిడనొక్కరినే చూశాను.

ఆ రక్తపు చుక్కని మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను చూడమన్నారు. గుండ్రటి రక్తకణాల మధ్య సన్నటి పోగుల్లాంటివి మెలికలు తిరుగుతూ, కణాల్ని తోసుకుంటూ పోతున్నాయి. సర్రా జబ్బు. జోరీగలు ఒక పశువుని కుట్టి ఇంకోదాని మీద వాలినప్పుడు ఈ పరాన్నజీవిని మోసుకుపోతాయి. అది చదువుకున్న సంగతే. జీపులో తిరిగొస్తుంటే ఆవిడ చెప్పింది మాత్రం నేను ఏ క్లాసులోనూ వినలేదు.

"భయపడటానికి కూడా శక్తి కావాలమ్మా. మూత్రపిండాల పక్కన చిన్న గ్రంథులుంటాయి కదా. కష్టం వచ్చిందని మెదడు కబురు పెడితే అవి కార్టిసాల్ వదులుతాయి. దాంతోనే ఒళ్ళు ఆ కష్టానికి నిలబడుతుంది. ఈ పురుగు నెలల తరబడి ఒంట్లో ఉంటే, కబురు పంపేదీ అందుకునేదీ రెండూ దెబ్బతింటాయని నా అనుమానం. ఊరికే నిలబడి ఉన్నంతసేపు గేదెకి ఏమీ కాదు. దాన్ని తరిమినా, లారీ ఎక్కించినా, తాడేసి పడగొట్టినా అప్పుడు కావాలి అది. అప్పుడు ఉండదు."

"ఉండకపోతే ఏమవుతుంది మేడమ్?"

"కూలిపోతుంది. అందరూ గుండాగి పోయిందంటారు."

ఆవిడ దగ్గర గ్రాఫు కాగితాల కట్ట ఒకటి ఉండేది. ప్రతి పశువుకీ రెండుసార్లు రక్తం తీసేవారు, తాడు వెయ్యక ముందు ఒకసారి, వేసిన అరగంటకి ఒకసారి. బయట ల్యాబు నుంచి కార్టిసాల్ లెక్క వచ్చాక పెన్సిల్‌తో గీతలు గీసేవారు. ఆరోగ్యంగా ఉన్నవాటి గీత గట్టు ఎక్కినట్టు పైకి పోయేది. సర్రా ఉన్నవాటిలో చాలావాటి గీత పంటకాలవలా బల్లపరుపుగా సాగేది. ఇది మన పని కాదని పైవాళ్ళు రెండుమూడు సార్లు చెప్పి చూశారు. ఆవిడ మానలేదు.

ఆవిడకి ఉన్న ఇంకో అలవాటు పైవాళ్ళకి అసలు గిట్టేది కాదు. ఏదడిగినా ముందు "తెలీదు" అనేవారు. ఒకసారి సమీక్షలో పెద్ద అధికారి విసుక్కున్నారు. "డాక్టరుగారూ, మీకే తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుందండి?"

"తెలుసుకోనిస్తే మనకే తెలుస్తుంది సార్" అన్నారావిడ. ఆ తర్వాత చాలాకాలం సమీక్షలకి ఆవిడని పిలవలేదు.

వాళ్ళది సముద్రం ఒడ్డున చేపలు పట్టే ఊరు. "మా ఇంట్లో వల ఉంది, గేదె లేదు. నాకు పాలు అలవాటు కాలేదు" అనేవారు. మాది రామచంద్రపురంలో కిరాణా కొట్టు. ఇంట్లో ఉల్లిపాయ కూడా వారం చూసుకుని వండేవాళ్ళం. ఆవిడ డబ్బా తెరిస్తే ఎండుచేపల వాసన వచ్చేది. మొదటి రోజు నేను నా డబ్బా తీసుకుని రెండు కుర్చీలు అవతలికి జరిగాను. ఆవిడ చూశారు. మర్నాటి నుంచి బయట వసారాలో నిలబడి తినడం మొదలుపెట్టారు. ఏడాది పైనే అలాగే గడిచింది. నేనూ పిలవలేదు, ఆవిడా రాలేదు.

తర్వాతి వానాకాలంలో గోదావరి మధ్యనున్న ఒక లంక ఊరి నుంచి కబురొచ్చింది. పది రోజుల్లో మూడు గేదెలు పోయాయి. ఒకటి సంతకి తోలడానికి ఏరు దాటించే పంటు ఎక్కిస్తుంటే మోకాళ్ళ మీద కూలింది. రెండోది టీకాలు వేసిన రోజు పోయింది. మూడోదాన్ని కుక్కలు తరిమితే ఇంటికొచ్చి, కుడితి తొట్టి దగ్గర నిలబడి నిలబడి పడిపోయింది. మొదటి రెండూ వీర్రాజు అనే రైతువి. పక్కింటివాళ్ళే తొట్టిలో పురుగుల మందు కలిపారని అతను కర్ర పట్టుకుని వాళ్ళ మీదికి వెళ్ళాడు. ఒకరి తల పగిలింది. మేం వెళ్ళేసరికి అరుగు మీద కానిస్టేబుల్ కూర్చుని ఉన్నాడు. ఊరు రెండు గుంపులుగా చీలి నిలబడి ఉంది.

"ఎవరు మందెట్టారో మీరు చెప్పండి చాలు. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు వీర్రాజు. అతని చేతిలో కర్ర ఇంకా ఉంది.

"తెలీదండి. రక్తం చూడనివ్వండి" అన్నారావిడ.

మధ్యాహ్నం దాకా వరసగా రక్తాలు తీశాం. మైక్రోస్కోపుని అరుగు చివర వెలుతురు పడేచోట పెట్టారు. పురుగు కనపడగానే ముందు పిలిచింది వీర్రాజునే. "నా మాట నమ్మొద్దు. మీరే చూడండి."

అతను ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు. "పాంపిల్లల్లాగ ఉన్నాయండి. కదులుతున్నాయి."

"అవేనండి మందు పెట్టింది. పక్కింటి గేదెల్లో కూడా ఉన్నాయి, చూస్తారా?"

అతను తలెత్తాడు. "అంటే... మా గేదెలు ముందే సచ్చిపోయి ఉన్నాయా?"

"సగం" అన్నారావిడ.

అతను కర్ర కింద పెట్టాడు గానీ మొహంలో బిగువు తగ్గలేదు. మనిషి మీద పెట్టుకున్న కోపాన్ని కంటికి కనపడని పురుగు మీదికి మళ్ళించడం ఎవరికైనా కష్టమే. ఎక్కడో ఒకచోట అది మళ్ళీ మనిషినే వెతుక్కుంటుంది.

జబ్బున్న వాటన్నిటికీ సర్రా మందు వేశాం. అన్నిటికంటే అధ్వాన్నంగా ఉన్నది సత్యవతి గేదె. సత్యవతి వీర్రాజుకి వదిన. భర్త పోయాక ఆ ఒక్క గేదె పాల మీదే ఇల్లు నడుపుకొస్తోంది. గేదె ఎనిమిదో నెల చూడితో ఉంది. గొడుగు తెరిచినా, చప్పట్లు కొట్టినా, సూది గుచ్చినా దానిలో చలనం లేదు.

"పురుగు పోతుంది. కానీ ఒళ్ళు కోలుకోవడానికి టైం పడుతుంది. మూడు వారాలు దీన్ని తోలకండి, తరమకండి, కుక్కల్ని దగ్గరికి రానివ్వకండి" అని ఆవిడ ఒకటికి రెండుసార్లు చెప్పారు. సత్యవతి ప్రతి మాటకీ "ఆయ్" అంది.

అయిదు రోజులు కూడా నిండలేదు. ఎగువన వానలు కురిసి గోదావరి ఉరికింది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. లంకలో ఉన్న మనుషుల్నీ పశువుల్నీ మధ్యాహ్నంలోగా గట్టుకి చేర్చమన్నారు.

మేం వెళ్ళేసరికి రేవు మెట్లు సగం మునిగాయి. ఎర్రటి నీళ్ళు. దుంగలూ అరటిబోదెలూ కొట్టుకుపోతున్నాయి. రెండు పడవలు జోడించి పైన బల్లలు కొట్టిన పంటు మీద పశువుల్ని ఎక్కిస్తున్నారు. ఇంజను రొద, పిల్లల ఏడుపులు, పశువుల అరుపులు. ప్రతి గేదే కాళ్ళు తన్నిపెట్టి, ముకుతాడు తెంపుకోబోతూ నలుగురైదుగురిని ఈడుస్తోంది. సత్యవతి గేదె ఒక్కటే ఆ గోలంతటి మధ్యా రాయిలా నిలబడి ఉంది.

"దాన్ని ముందెక్కించండ్రా. గొడవ లేకుండా ఎక్కేస్తాది" అని కేకేశాడు పంటు నడిపే సరంగు.

"వద్దు!" ఆవిడ అంత గట్టిగా అరవడం నేను వినడం అదే మొదటిసారి. "అరిచేవాటిని ముందు తీసుకెళ్ళండి. అవి బతుకుతాయి. దీన్ని చివర చూద్దాం."

పడవల సంగతి ఆవిడకి చిన్నప్పటి నుంచీ తెలుసు. బల్లల మీద గడ్డి పరిపించారు. బరువు రెండు పక్కలా సమంగా పడేలా పశువుల్ని నిలబెట్టించారు. మూడు ట్రిప్పులు వెళ్ళొచ్చాయి. నీళ్ళు ఇంకో మెట్టు ఎక్కాయి. ఇదే ఆఖరి ట్రిప్పని సరంగు చెప్పేశాడు. దాన్ని లంకలో దిబ్బ మీద వదిలేస్తే సాయంత్రానికి దిబ్బే ఉండదు.

ఆవిడ సత్యవతిని పక్కకి పిలిచారు. మందులున్న ఐసు పెట్టె పట్టుకుని నేను వాళ్ళకి రెండడుగుల దూరంలో నిలబడ్డాను.

"సత్యవతిగారూ, జాగ్రత్తగా వినండి. దీన్ని ఇలాగే ఎక్కిస్తే నడి గోదాట్లో కూలిపోతుందేమోనని నా భయం. దాని ఒంట్లో ఊరాల్సింది ఊరడం లేదు. అలాంటిదే బయట నుంచి ఇంజెక్షన్‌గా ఇవ్వొచ్చు. ఒడ్డు చేరే అవకాశం పెరుగుతుంది. కానీ చూడి గేదెకి అది వేస్తే దూడ పోవచ్చు. పోవచ్చు కాదు, చాలావరకు పోతుంది."

సత్యవతి గేదె పొట్ట వైపు చూసింది. "ఎయ్యకపోతే దూడ ఉంటాదాండి?"

"గేదె బతికితే ఉండొచ్చు. గేదె పడిపోతే రెండూ పోతాయి. పడిపోతుందని కూడా ఖాయంగా చెప్పలేను. ఇదివరకు కొన్నిటిలో చూశాను, అంతే."

"మీదైతే ఏం చేస్తారండి?"

"వేస్తాను."

వీర్రాజు అప్పుడే పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ చేతిలో సిరంజి చూశాడు. "ఏంటది? మళ్ళీ సూదా? సూదెయ్యగానే కదా మాది పోయింది! ఎయ్యనివ్వను వదినా, ఒప్పుకోకు."

"ఒక్క గేదె కోసం ఇంతమందిని ఆపేస్తారేంటండీ?" అని అవతల నుంచి ఎవరో ఉద్యోగి అరుస్తున్నాడు. సరంగు గంట కొడుతున్నాడు. సత్యవతి మరిది వైపు చూడలేదు. గేదె గంగడోలు మీద చెయ్యి ఆనించి, "ఎయ్యండి" అంది.

ఇంజెక్షన్ వేశాక ఆవిడ వెంటనే ఎక్కించనివ్వలేదు. మందు ఒంటికి పట్టాలని పావుగంటకి పైగా ఆపారు. ఆ పావుగంటా అందరూ తిడుతూనే ఉన్నారు. ఆవిడ వాచీ చూసుకుంటూ నిలబడ్డారు. నీళ్ళు నా చెప్పుల్లోకి వచ్చాయి.

నడి గోదాట్లో పంటు ఒక సుడికి ఊగింది. గేదె ముందుకాళ్ళు వణికి, మోకాళ్ళు మడతపడబోయాయి. ఆవిడ దాని రొమ్ము కింద భుజం దూర్చి, "నిలబడండి, నిలబడండి, వచ్చేశాం" అంటున్నారు. సత్యవతి అరచేతులతో దాని కళ్ళు మూసింది. నేను దాని నరానికి ఎక్కుతున్న గ్లూకోజు సీసా పైకెత్తి పట్టుకున్నాను. చెయ్యి తిమ్మిరెక్కి, అది నాది కాదన్నట్టుంది. వీర్రాజు కూడా చివరికి వచ్చి రెండో వైపు నుంచి దన్ను పెట్టాడు. గట్టు తగిలేదాకా నలుగురం దాన్ని అలాగే మోస్తున్నట్టు నిలబడ్డాం. గట్టు తగిలింది. గేదె దిగింది, తన కాళ్ళ మీదే.

మూడో రోజు పొద్దున ఏటిగట్టు మీది శిబిరంలో గేదె ఈసుకుపోయింది, చచ్చిన దూడని వేసింది. నెలలు నిండని దూడ, ఒంటి మీద సరిగ్గా వెంట్రుకలు కూడా రాలేదు. సత్యవతి దాని మీద తన తువ్వాలు కప్పి పక్కన కూర్చుంది. ఆవిడ వచ్చి తువ్వాలు తీసి చూశారు, మళ్ళీ కప్పారు. చుట్టూ జనం ఉన్నారు. సర్రా జబ్బు వల్ల కూడా ఇలా ఈసుకుపోతాయి. ఆ ఒక్క ముక్క చెప్పి లేచి రావచ్చు. ఎవరూ కాదనలేరు.

"నేను వేసిన ఇంజెక్షన్ వల్లేనండి, బహుశా. జబ్బు వల్ల కూడా కావచ్చు. ఇంజెక్షన్ వల్ల అనే నేను అనుకుంటున్నాను" అన్నారావిడ.

సత్యవతి మొహం పక్కకి తిప్పుకుంది. వీర్రాజు విన్నాడు.

వారంలోపల ఆఫీసుకి ఫిర్యాదు వచ్చింది. దూడ పోతుందని యజమానికి చెప్పకుండా చూడి గేదెకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి దూడని చంపారని. విచారణ వేశారు. మా పెద్ద అధికారి ముందు ఆవిడని పిలిపించుకున్నారు. తలుపు తెరిచే ఉంది, మాకు వినపడుతూనే ఉంది. "జబ్బు వల్ల పోయిందని రాసెయ్యండి డాక్టరుగారూ. ఫైలు మూసేస్తాను. అబద్ధం కూడా కాదు కదా."

"సగమే రాసినట్టవుతుంది సార్" అని ఆవిడ రెండు కారణాలూ రాసి ఇచ్చారు.

తర్వాత నన్ను పిలిచారు. ఆయన కోపంగా లేరు, అదే కష్టమైంది. కూర్చోమన్నారు. "నీ ప్రొబేషన్ ఇంకా పూర్తవలేదు కదమ్మా. వాళ్ళ గొడవలో నువ్వెందుకు? మైక్రోస్కోపు సర్దుకుంటున్నాను, వాళ్ళేం మాట్లాడుకున్నారో వినలేదు అని రాసి సంతకం పెట్టు. సరిపోతుంది."

నేను రాశాను. నాలుగు లైన్లు. అక్షరాలు చక్కగా వచ్చాయి. ఆ మాటలు విన్న మూడో మనిషిని నేనొక్కదాన్నేనని రాస్తున్నప్పుడే నాకు తెలుసు.

విచారణ రోజు ముగ్గురు అధికారులు, ఆవిడ, వీర్రాజు, గోడవారగా నేను. ఆవిడ చెప్పిందంతా విన్నాక మధ్యలో కూర్చున్నాయన నా కాగితం తీసి చదివారు. "మీరు యజమానికి చెప్పానంటున్నారు. పక్కనే ఉన్న మీ టెక్నీషియన్ వినలేదంటోంది."

ఆవిడ నా వైపు తిరిగారు. ఒక్క క్షణం చూసి, మళ్ళీ ఆయన వైపు తిరిగారు. "ఆవిడ ఏం విన్నారో ఆవిడకి తెలియాలి సార్" అన్నారు.

అప్పుడు తలుపు దగ్గర అలికిడైంది. సత్యవతి. ఆమెని ఎవరూ పిలవలేదు. ఎవరో చెప్తే లంక నుంచి పంటు దాటి, రెండు బస్సులు మారి వచ్చింది. లోపలికి రావచ్చో లేదో తెలియక గడప మీదే నిలబడి మాట్లాడింది.

"గేదె నాదండి. ఫిర్యాదు మా మరిది పెట్టాడు, నన్నడగలేదు. డాక్టరమ్మగారు దూడ పోతాదనే చెప్పారండి. తెలిసే ఎయ్యమన్నాను. దూడ పోయాక ఆవిణ్ణి తిట్టుకున్నాను, ఇప్పటికీ ఆ దూడ కళ్ళ ముందే ఉంటాది. కానీ చెప్పలేదంటే మాత్రం నేనొప్పుకోనండి." అని చెయ్యెత్తి నన్ను చూపించింది. "ఈ అమ్మాయిగారు అక్కడే ఉన్నారు. పెట్టె పట్టుకుని నా పక్కనే నిలబడ్డారు. అడగండి."

నేను గోడ దగ్గర నుంచి ముందుకొచ్చాను.

"విన్నానండి" అన్నాను.

"మరి ఈ కాగితం?"

"అది అబద్ధమండి. నేనే రాశాను."

ఎవరు రాయమన్నారని వాళ్ళు అడగలేదు. నేనూ చెప్పలేదు. అంతటితో ఫిర్యాదు కొట్టేశారు. అయినా, రాతపూర్వకంగా అంగీకారం తీసుకోలేదని ఆవిడకి మెమో వచ్చింది. నాకు వేరే మెమో. ఆ ఏడాది తిరిగేలోపు ఆవిణ్ణి ఏజెన్సీ వైపు బదిలీ చేశారు. అక్కడి నుంచే రిటైరయ్యారు. గ్రాఫు కాగితాల కట్ట కూడా తనతోనే తీసుకెళ్ళారు. అవి ఎక్కడైనా అచ్చయ్యాయో లేదో నాకు తెలియదు. అదంతా తర్వాతి సంగతి. ఆ రోజు విచారణ ముగిశాక నేను మెట్ల మీద ఆవిణ్ణి అందుకున్నాను.

"మేడమ్, నన్ను క్షమించండి."

ఆవిడ ఆగారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చి కాదు, కోపంతో.

"ఆ నాలుగు లైన్లూ మీరు రాశారంటే నేను నమ్మలేదు. చేతిరాత చూశాక నమ్మాను. చివర్లో నిజం చెప్పారు, మంచిదే. ఆ పల్లెటూరి మనిషి రెండు బస్సులు మారి వస్తే తప్ప మీకు నోరు రాలేదు. క్షమించానని ఇప్పుడంటే మీకు హాయిగా ఉంటుంది. ఇవాళ అనలేను." రెండు మెట్లు దిగి, తిరిగి చూడకుండానే అన్నారు. "రేపు లంకలో మందేసినవాటికి మళ్ళీ రక్తం తియ్యాలి. ఏడింటికి రేవులో ఉండండి."

ఆరున్నరకే వెళ్ళాను. ఆవిడ అప్పటికే వచ్చి ఉన్నారు. వరద తీసి నెల దాటింది. గోదావరి మామూలు రంగుకి వచ్చింది. పంటులో ఆవిడ ఒక చివర, నేను ఒక చివర. లంక చేరాక పొలం గట్ల మీద ఆవిడ ముందు నడుస్తుంటే నేను పెట్టె మోసుకుంటూ వెనక నడిచాను.

సత్యవతి గేదె పాక బయట కట్టేసి ఉంది. వేసవి పుచ్చపాదులో కాయలా దాని ఒళ్ళు కాస్త నిగనిగలాడుతోంది. సత్యవతి మమ్మల్ని చూసి నవ్వలేదు గానీ చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. ఆవిడ చేతులు కడుక్కుని, వంగి, మెడ దగ్గర నరం వెతికి సూది పెట్టారు.

గేదె ఒక్కసారిగా బుస కొట్టి, ఒళ్ళంతా విదిలించుకుని, పక్కకి తిరిగి కాలు విసిరింది. దెబ్బ ఆవిడ మోకాలి కింద తగిలింది. ఆవిడ వెనక్కి పడి, రాత్రి వానకి చిత్తడిగా ఉన్న నేల మీద చతికిలపడ్డారు. ట్రే ఎగిరిపోయింది.

"అయ్ బాబోయ్, తన్నేసిందండి!" అని సత్యవతి ముకుతాడు పట్టుకుంది. గేదె ఇంకా కళ్ళు పెద్దవి చేసుకుని, ముక్కుపుటాలు ఎగరేస్తూ, పలుపు తెంపుకోబోతోంది.

ఆవిడ బురదలోనే కూర్చుని దాన్నే చూస్తున్నారు. చీర పాడైంది, కాలు వాస్తోంది. మొహం మాత్రం అన్నాళ్ళలో నేనెప్పుడూ చూడనంతగా విప్పారింది. సత్యవతి ఆవిణ్ణి చూసింది, గేదెని చూసింది, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పలేను.

నేను ట్రే దగ్గర, ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయాను. ఆవిడ నా వైపు చెయ్యి చాచారు.

"చూస్తారేంటి? లేపండి. అరగంటలో ఇంకోసారి రక్తం తియ్యాలి."

చెయ్యి పట్టుకుని లేపాను. మనిషి ఇంత తేలిక అని నాకు అప్పటిదాకా తెలియదు.